మందు మీద నింద

మనిషి ఇంకా ఊపిరితో ఉండగానే, "నీ వాటా నా పేర రాసెయ్యి యజ్ఞం, తరవాత భానుకి కోర్టుల చుట్టూ తిరిగే బాధ ఉండదు" అని అడగగలిగినవాడు ఈ భూమ్మీద శ్యామ్‌సుందర్ ఒక్కడే. అదీ ఫోనులో. టాంపాలో రెండు రోజులుగా వాన పడుతోందని చెప్పి, మనవరాలు స్కూల్లో ఏదో కప్పు గెలుచుకుందని చెప్పి, అదే గొంతుతో ఈ మాటా చెప్పాడు. యజ్ఞనారాయణ ఫోను భార్య చేతికిచ్చి, బాత్‌రూములోకి వెళ్ళి పంపు తిప్పి వదిలేసి నిలబడ్డాడు. బయటికి వినపడేలా తిట్టడం ఇష్టంలేక.

శ్యామ్‌సుందర్ భానుమతికి స్వయానా అన్న. అమెరికాలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు, ఉండేది ఫ్లోరిడాలో, టాంపాలో. చెల్లెలికి గ్రీన్‌కార్డు కోసం అర్జీ పెట్టింది ఆయనే. అది పండడానికి పదమూడేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ గుంటూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వంటలు చేసుకుంటూ కూర్చున్న యజ్ఞనారాయణ, నలభై దాటాక విమానమెక్కి వచ్చి అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాలో ఒక తెలుగు హోటలు వంటింట్లో గరిటె పట్టుకున్నాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి ఇంకే పని దొరుకుతుంది. దొరికిన పని బాగానే చేశాడు. కానీ నలుగురు కూర్చున్న చోటల్లా శ్యామ్‌సుందర్, "మా యజ్ఞాన్ని నేనే తెచ్చాను" అని, కొరియర్లో తెప్పించుకున్న సామాను చూపించినట్టు చూపించేవాడు. జనం కూడా అలాగే చూసేవారు.

ఎనిమిదేళ్ళ కిందట కమ్మింగ్ అనే ఊరు దాటాక హైవే పక్కన ఇద్దరూ చెరిసగం పెట్టుకుని ఒక స్థలం కొన్నారు. అక్కడో షెడ్డు వేసి సొంతంగా కేటరింగ్ వంటిల్లు పెట్టుకోవాలని యజ్ఞనారాయణ ఆశ. శ్యామ్‌సుందర్‌కి ఏ ఆశా లేదు, రేటు పెరుగుతుందని కొన్నాడు. ఇప్పుడు పెరిగింది. ఇటు చెల్లెలి మొగుడికి జబ్బు చేసింది. రెండూ కలిపి చూసుకుని ఫోను చేశాడు.

సంతకం పెట్టడమంటే నేను పోతున్నాను అని ఒప్పుకోవడమే. పెట్టనన్నాడు యజ్ఞనారాయణ.

జబ్బు పేరు లింఫోమా, ఒక రకం కేన్సరు. మెడ పక్కన గోళీకాయంత గడ్డతో మొదలైంది. మొదటి మందుకి కరిగి, ఏడాదికి మళ్ళీ లేచింది. రెండో మందుకి సగం కరిగినట్టే కరిగి, ఇంకా కోర్సు పూర్తవకుండానే చంకలోనూ గజ్జల్లోనూ కూడా తేలింది. అప్పటిదాకా చూసిన డాక్టరు, తన దగ్గర ఇక ఇచ్చేది లేదని మర్యాదగా చెప్పి, అట్లాంటాలో ఒక పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ ఇలా తిరగబెట్టినవాళ్ళ మీద, మందుకి లొంగనివాళ్ళ మీద, రెండు మందులు కలిపి వాడి చూస్తున్నారట, దాన్ని ట్రయల్ అంటారు.

అక్కడ చూసే డాక్టరు తెలుగు పిల్ల. అనిక. ఇక్కడే అమెరికాలో, నేపర్‌విల్‌లో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది కానీ, ఒక్కో మాటా ఇంగ్లీషు గుమ్మం దాటి వచ్చేసరికి కొంచెం నలిగేది. మొదటిరోజు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "అంకుల్, ఈ రెండు మందులు కొత్తవి కాదు. కలిపి ఇవ్వడం కొత్త. ఎంత ఇస్తే పని చేస్తుంది, ఎంత ఇస్తే హార్మ్ అవుతుంది, అది మేము చూస్తున్నాం. నేను ప్రామిస్ చెయ్యలేను," అంది.

యజ్ఞనారాయణకి ఆ పిల్ల అలా ఉన్నదున్నట్టు చెప్పడం నచ్చింది. విషయం కూడా అర్థమైంది. ఒకటి రోజూ వేసుకునే బిళ్ళ, రెండోది సూదితో నరంలోకి ఎక్కించే మందు. విడివిడిగా రెండింటి గుణమూ తెలుసు. కలిపినప్పుడు ఏది ఎంత పడాలన్నదే తెలియాలి. దాని కోసం ఆరుగురికి ఒకే మోతాదు ఇచ్చి నెలరోజులు కనిపెట్టి చూస్తారు. ఆరుగురిలో ఒకరికి గట్టిగా దెబ్బ తగిలితే ఫరవాలేదనుకుంటారు. ఇద్దరికి తగిలిందా, ఆ మోతాదు ఎక్కువైందని రాసి మూసేసి, అంతకంటే తక్కువకి దిగుతారు. యజ్ఞనారాయణ ఆరో మనిషి. అంతకుముందే ఒకాయనకి దెబ్బ తగిలింది.

మందు మొదలుపెట్టేముందు తినకూడనివి చెప్పారు. గ్రేప్‌ఫ్రూట్ వద్దు, స్టార్ ఫ్రూట్ వద్దు, సెవిల్ ఆరెంజ్ అనేది వద్దు. అవి కడుపులో ఉంటే బిళ్ళ ఒంట్లోంచి త్వరగా పోదు, నిలవుండిపోయి విషమవుతుంది అని అనిక వివరంగానే చెప్పింది. పసరు మందులూ పొడులూ ఏవైనా వాడుతున్నారా అని గుచ్చిగుచ్చి అడిగింది. భానుమతి అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. ఆ పళ్ళ పేర్లే ఆవిడ ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో అరటిపండూ యాపిలూ తప్ప కొనమమ్మా అంది. అబద్ధం కాదు. వాళ్ళు కొనలేదు.

మందు పనిచేసింది. రెండో వారంలో గడ్డం గీసుకుంటూ యజ్ఞనారాయణ దవడ కింద వేలు పెట్టి చూసుకుంటే గడ్డ వేలికి అందలేదు. ఇంకోసారి తడిమాడు. భార్యని పిలిచి ఆవిడ వేలితో తడిమించాడు. ఆవిడ ఆరోజు మధ్యాహ్నం రెండు కూరలు చేసింది.

అయితే నోటికి రుచి పోయింది. పప్పు పెడితే మట్టి, చారు పోస్తే వేడి నీళ్ళు. రుచి చూసి బతికినవాడికి అది చిన్న కష్టం కాదు. సరిగ్గా అప్పుడే టాంపా నుంచి ఏటా వచ్చే డబ్బా వచ్చింది. శ్యామ్‌సుందర్ ఇల్లు కొనేనాటికే ఆ పెరట్లో ఒక ముళ్ళచెట్టు ఉంది. కాయ గరుకుగా, గుండ్రంగా, పులుపులో చేదుతో, అచ్చం మన దబ్బకాయే. అక్కడి తెలుగువాళ్ళందరూ దాన్ని దబ్బకాయ అనే అంటారు. పులిహోరకి పిండుకుంటారు, ఊరగాయ పెట్టుకుంటారు. చలికాలం వచ్చిందంటే శ్యామ్‌సుందర్ ఊరూరా ఉన్న చుట్టాలకి డబ్బాలు పంపుతాడు. పోస్టు ఖర్చు ఎంతయిందో కూడా చెబుతాడు.

భానుమతి కాయల్ని తొక్కతో సహా ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి మూడురోజులు ఊరనిచ్చి, కారం, మెంతిపిండి కలిపి ఇంగువ పోపు పెట్టింది. మొదటి ముద్ద పెరుగన్నంలో నంజుకోగానే యజ్ఞనారాయణ నాలుక లేచి కూర్చుంది. పోయిందనుకున్న రుచి ఆ చేదులోంచి తిరిగొచ్చింది. పొద్దున ఇడ్లీలోకి అదే, మధ్యాహ్నం అన్నంలోకి అదే, రాత్రి పెరుగులోకి అదే. మొగుడు నాలుగు ముద్దలు తింటున్నాడన్న సంబరంలో భానుమతి, ఎన్నడూ లేనిది, అన్నకి ఫోను చేసి మరో డబ్బా పంపమని అడిగింది.

నాలుగో వారంలో జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు, మంచం ఊగేటంత వణుకు. ఆసుపత్రిలో చేర్చుకుని రక్తం తీసి చూస్తే, రోగాలతో పోరాడే తెల్లకణాలు దాదాపు లేవు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంటేగాని ఎవర్నీ గదిలోకి రానివ్వలేదు. మూడురోజులు గట్టి మందులు ఎక్కించాక జ్వరం దిగింది. నాలుగోరోజు పొద్దున అనిక వచ్చి మంచం పక్కన నిలబడింది. ఈసారి కుర్చీ లాక్కోలేదు.

ఆ పిల్ల చెప్పిన సంగతి ఇది. ఇంత దెబ్బ తగిలిన రెండో మనిషి ఆయన. గురువారం పెద్ద డాక్టర్ల మీటింగు ఉంది. ఆ మీటింగులో ఈ మోతాదు మూసేస్తారు. ఇకమీదట వచ్చేవాళ్ళకి తక్కువే ఇస్తారు. యజ్ఞనారాయణకి కూడా తక్కువే.

తక్కువైతే గడ్డలు ఇలాగే కరుగుతాయా అని అడిగాడు. కింది మోతాదులో ముగ్గురికి ఇచ్చి చూశామని, వాళ్ళలో ఇద్దరికి పెద్దగా కరగలేదని చెప్పింది. చెప్పి, కిటికీ వైపు చూసింది.

జ్వరమైతే వచ్చింది, పోయింది. గడ్డలు మళ్ళీ లేస్తే మాత్రం దించడానికి ఇంకే మందూ లేదు. ఉన్నదొక్కటే దారి, అందులోనూ ఇప్పుడు సగం మూస్తామంటున్నారు.

అప్పుడు ఆయనకి లొరెయిన్ గుర్తొచ్చింది. నల్లావిడ, స్కూలు బస్సు నడుపుతుంది. మందు ఎక్కించే హాల్లో పక్క కుర్చీలో పరిచయం. ఈయనకొచ్చిన వంటింటి ఇంగ్లీషుకి ఆవిడ నిదానంగా మాట్లాడేది. ఒకసారి ఈయన కేరేజీ మూత తీయగానే ఇంగువ వాసనకి అటు తిరిగి, నీ మందు కన్నా నీ తిండే ఘాటుగా ఉందే, ఆ జబ్బు దీనికే పారిపోవాలి అని నవ్వింది. ఆవిడకీ ఇదే జబ్బు, ఇలాగే తిరగబెట్టింది. ప్రస్తుతానికి రక్తం ఎక్కించుకోవడానికి వస్తోంది, ఈ ఆరుగురి సంగతి తేలగానే తర్వాతి వరసలో ఆవిడ ఉంది. మీరంతా బాగుంటేనే నాకు ఆ మందు, అందుకని రోజూ మీ ఆరుగురి కోసమూ ప్రార్థన చేస్తున్నాను అంది. యజ్ఞనారాయణ తన కోసం ఎవరైనా పనిగట్టుకుని దండం పెడుతున్నారని విని చాలాకాలమైంది. సిగ్గుపడ్డాడు.

ఆ మధ్యాహ్నం భానుమతి బట్టలు తెస్తానని ఇంటికెళ్ళింది. శ్యామ్‌సుందర్ ఫోను చేశాడు. పలకరింపులయ్యాయి, డోస్ తగ్గిస్తారన్న కబురూ అయింది. లాయరుతో మాట్లాడి ఉంచాను, నీకు ఓపికొచ్చాకే సంతకం, తొందరేం లేదు అన్నాడు. తొందరలేని పని గురించి ఆస్పత్రికి ఫోనెందుకు చేశాడో ఆయనకే తెలియాలి. యజ్ఞనారాయణ వింటున్నట్టు వింటూ పడుకున్నాడు. తర్వాత మాట దబ్బకాయల మీదికి వెళ్ళింది. భాను మళ్ళీ అడిగింది, పంపుతాను, కానీ ఈసారి కాయలు తక్కువున్నాయి, పక్కింటి తెల్లావిడ సంచీడు పట్టుకుపోయింది అన్నాడు.

"ఏం చేసుకుంటుందిట?"

"జామ్ కాస్తుందిట. వాళ్ళ అమ్మమ్మ ఇంగ్లండులో దీంతోనే కాసేదిట. సెవిల్ ఆరెంజ్ అంటార్ట దీన్ని. ఇన్నేళ్ళనుంచి ఇక్కడున్నాను, నాకే తెలీదు చూడు."

యజ్ఞనారాయణ దిండు మీంచి లేచి కూర్చున్నాడు. చేతికి గుచ్చిన సూది లాగినట్టయింది.

"ఇంకోసారి చెప్పండి బావగారూ, ఆ పేరు."

శ్యామ్‌సుందర్ చెప్పాడు. చెట్టు జాతి గురించీ, స్పెయిన్ వాళ్ళు దాన్ని ఫ్లోరిడా తేవడం గురించీ కూడా ఏదో చెప్పబోయాడు. యజ్ఞనారాయణ అడ్డుపడి, తనకి వద్దన్న మూడింటిలో ఇదొకటని, రెండు మూడు వారాలుగా తొక్కతో సహా తింటున్నానని, జ్వరం మందు వల్ల కాదు దీనివల్లేనని గడగడా చెప్పేశాడు.

శ్యామ్‌సుందర్ గొంతు తగ్గించాడు, ఎవరో పక్కనున్నట్టు.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడేగా నాకు తెలిసింది."

"చెప్పకు. నా మాట విను. వీళ్ళ దగ్గర రూల్ అంటే రూల్. తినొద్దన్నది తిన్నావని తెలిస్తే ఆ క్షణమే ట్రయల్లోంచి తీసి పారేస్తారు. డోస్ తగ్గించి ఇస్తామన్నారుగా, ఇచ్చింది పుచ్చుకో. ఊరగాయ మానెయ్. ఎవరికీ నష్టం లేదు."

యజ్ఞనారాయణ ఫోను పెట్టేసి మళ్ళీ దిండు మీద వాలాడు. శ్యామ్‌సుందర్ చెప్పింది కాబట్టి తప్పే అయ్యుంటుందనుకోవడం ఆయనకి అలవాటు. కానీ ఈసారి అలా తోసెయ్యడానికి లేకపోయింది. తీసేస్తే? తగ్గించిన మందైనా మందే. అసలు లేకపోవడం కంటే అది నయం కదా. ఎనిమిదో తరగతి బుర్రతో పెద్దవాళ్ళ పరీక్షలో వేలు పెట్టి, ఉన్నది ఊడగొట్టుకోవడమెందుకు? పైగా ఊరగాయ పెట్టింది భానుమతి. ఆవిడకి తెలిస్తే తన చేత్తో తానే చేశానని కుమిలిపోతుంది. నోరు మూసుకుంటే ముగ్గురికీ హాయి.

అలా అనుకుని కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే నరసరావుపేట పెళ్ళి వచ్చింది.

ఎప్పటి మాటో. ఆరొందల విస్తళ్ళ పెళ్ళి. యజ్ఞం గారి పెరుగావడ అంటే ఆ చుట్టుపక్కల పేరున్న రోజులు. భోజనాలయిన సాయంత్రానికి సగంమంది వాంతులు. ఎవరో పెరుగావడ అన్నారు. అంతే, అందరూ పెరుగావడ అన్నారు. ఆరోజు ఎండకి పెళ్ళివారే పట్నం నుంచి ఐసుగడ్డలు తెప్పించి మజ్జిగలో కొట్టి పోశారు. వడ తినని పిల్లలు కూడా మజ్జిగ తాగి పడిపోయారు. ఆ సంగతి యజ్ఞనారాయణ చెప్పబోతే వినేవాడు లేడు. ఐసు తెచ్చినవాడు పెళ్ళికొడుకు మేనమామ. ఆయన నోరు విప్పలేదు. ఆ ఏడంతా ఎవరూ వంటకి పిలవలేదు. తర్వాత పిలిచినవాళ్ళు కూడా, పెరుగావడ ఒక్కటీ వద్దండీ అని చెప్పి మరీ పిలిచారు. వడలో ఏ లోపమూ లేదు. ఇరవైయేళ్ళ చేతిపని అది. ఐసు తెచ్చిన మనిషి ఒక్కమాట చెప్పుంటే బతికేది.

ఇప్పుడు ఈ మందు సంగతీ అంతే. దాని పని అది చేసింది, గడ్డ కరిగించింది. నింద మాత్రం దాని మీద పడబోతోంది. గురువారం పదిమంది పెద్దలు కూర్చుని, ఇది ఎక్కువైంది, పనికిరాదని రాసేస్తారు. ఇక ఎవరూ ఆ మోతాదు ముట్టుకోరు. లొరెయిన్‌కి సగం మందు పోస్తారు. ఆవిడ దండాలు పెట్టుకుంటూ దాన్నే ఎక్కించుకుంటుంది. ఐసు తెచ్చినవాడు మంచం మీద నోరుమూసుకుని పడుకుని ఉంటాడు.

పెళ్ళికొడుకు మేనమామ మొహం యజ్ఞనారాయణకి ఇప్పటికీ బాగా గుర్తే. ఆ మొహం తనకొద్దు. మంచితనం కాదిది, ఆ మనిషి మీద అసహ్యం. ఇరవైయేళ్ళకు పైగా తిట్టుకున్నవాడి పక్కన తనూ నిలబడాల్సిరావడం భరించలేకపోయాడు.

భానుమతి బట్టల సంచీతో వచ్చింది. చెప్పేశాడు. ఆవిడ సంచీ కింద పెట్టలేదు. చేతిలో పట్టుకునే కుర్చీలో కూర్చుంది. మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"నేను పెట్టిందేనా?" అంది.

"నేను తిన్నది."

"నేనుగా పెట్టాను."

"నువ్వు పెట్టకపోతే నేను ఇన్నాళ్ళూ ఉపవాసముండేవాణ్ణి. అప్పుడు ఆకలికి పోయేవాణ్ణి. ఆ డాక్టరమ్మని పిలు."

ఆవిడ అన్నయ్య ఏమన్నాడో కూడా చెప్పాడు. తీసేస్తారేమోనని కూడా చెప్పాడు. ఆవిడ వద్దంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. అంటే సరేననేవాడేమో. ఆవిడ లేచి, గోడ మీది బొత్తాం నొక్కింది.

అనిక వచ్చేసరికి గంటపట్టింది. వచ్చాక యజ్ఞనారాయణ వంకరలు లేకుండా చెప్పాడు. తెలిసి తిన్నది కాదని కూడా అనలేదు, అడిగితే చెబుదామని. ఆ పిల్ల ఈసారి కుర్చీ లాక్కుంది.

"ఎన్ని రోజుల నుంచి, అంకుల్?"

"మందు మొదలైన వారానికి వచ్చింది డబ్బా."

"రోజూ?"

"మూడుపూటలా."

అనిక ముఖం అరచేతుల్లో పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని భానుమతి కంగారుపడింది. ఏడవడంలేదు.

"మా మమ్మీ దానితో పులిహోర చేస్తది. చిన్నప్పటి నుంచి తింటున్నా. మా అంకుల్ ఒకాయన ఫ్లోరిడా నుంచి పంపిస్తారు. అది, ఇది ఒకటి అని నాకు తెలీదు. నేనే మీకు దబ్బకాయ అని అడగాలి. నేను అడగలేదు."

ఆ మాటకి యజ్ఞనారాయణకి ఊరటా కలిగింది, భయమూ వేసింది. ఇంత చదివినదానికే తెలియనిది తనకి తెలియకపోవడంలో వింత లేదు. కానీ ఇంత చదివినవాళ్ళకే తెలియకపోతే ఇంకా ఏమేం తెలియకుండా మన ఒంట్లోకి పోతున్నాయో.

"నన్ను తీసేస్తారా అమ్మా?"

"నాకు తెలీదు అంకుల్. నేను అడగాలి. రూల్ ప్రకారం తీసెయ్యొచ్చు." తలెత్తి ఆయన వైపు సూటిగా చూసింది. "మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

ఆ మెచ్చుకోలు ఆయనకేమీ అక్కర్లేదు. ఆయనకి కావలసింది బిళ్ళ.

ఆ సాయంత్రం ఇంకా రక్తం తీసుకున్నారు, ఆసుపత్రిలో చేరిననాడు తీసి ఉంచిన రక్తాన్నీ మళ్ళీ పరీక్షకి పంపారు. చేరిననాటి రక్తంలో బిళ్ళ తాలూకు మందు ఉండాల్సినదానికి మూడింతలు ఉందని మర్నాటికి తేలింది. గురువారం వచ్చింది, వెళ్ళింది. శుక్రవారం ఎవరూ ఏమీ చెప్పలేదు. శనాదివారాలు ఆఫీసులు లేవు. భానుమతి, ఆయన పలకరిస్తే జవాబిచ్చేది, తనంత తానుగా మాట్లాడేది కాదు. అన్న దగ్గర నుంచి ఫోను వస్తే తీయలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అన్న ఫోను తీయకపోవడం యజ్ఞనారాయణ చూడలేదు. ఆ కోపం తన వంతు అనుకునేవాడు. భార్య చేతిలో అది మరింత భయంగా కనిపించింది.

సోమవారం అనిక వచ్చి చెప్పింది. ఆయనకి తగిలిన దెబ్బని ఆ మోతాదు ఖాతాలో వెయ్యరు. మోతాదు మూయలేదు. ఆయన స్థానంలో కొత్తగా ఒకర్ని తీసుకుని, ఆరుగురి లెక్క మళ్ళీ పూర్తి చేస్తారు. ఆ వచ్చేదెవరో చెప్పకూడదు, చెప్పలేదు. యజ్ఞనారాయణ అడగలేదు. బస్సు నడిపే ఆవిడ అయ్యుండాలని మాత్రం అనుకున్నాడు.

"మరి నేను?"

"మీకు మందు ఇస్తారు అంకుల్. మందు కంపెనీ ఓకే అంది. కానీ మీ బ్లడ్ కౌంట్స్ పైకి వచ్చాక, మళ్ళీ ఫస్ట్ నుంచి, చిన్న డోస్‌తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాం. ఇంకో ఆరు నెలలు. మీరు ఆ ఆరుగురిలో లేరు. అంటే, మీ రిజల్ట్ ఆ కౌంట్‌లోకి రాదు."

"వణికింది నేను."

"అవును."

"గడ్డ కరిగిందీ నాకే."

"అవును అంకుల్. అయినా."

ఆయన నవ్వాడు. అనికకి ఎందుకో అర్థంకాలేదు, ఆవిడా కొంచెం నవ్వింది. బళ్ళో హాజరు పట్టీలోంచి పేరు కొట్టేసిననాడు కూడా ఇలాగే, ఇంతకాలం కూర్చున్నది లెక్క కాదన్నారు. ఎక్కడా లెక్కలో ఉండకపోవడం తన జాతకమేమో. అయినా లెక్కలో ఉన్నవాడికీ లేనివాడికీ నోట్లో పడేది ఒకే బిళ్ళ. ఆ బిళ్ళకి తను ఎన్నో మనిషో తెలియదు. గడ్డ మీదికి పోతుంది, చాలు. అలా అనుకుంటే మనసు కొంచెం తేలికపడింది. పూర్తిగా పడలేదు. ఒంటితో కట్టిన మూల్యం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదన్న చిన్న ముల్లు అలాగే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక అసలు సంగతి బల్ల మీదికొచ్చింది. ఆరు నెలలంటే ఆరు నెలలు పొయ్యి దగ్గరికి పోకూడదు. హోటలు ఓనరు మంచివాడే, ఇన్నాళ్ళూ ఉద్యోగం అట్టేపెట్టాడు, ఇక పెట్టలేనని చెప్పాడు. ఆ ఉద్యోగంతో పాటు వచ్చే ఇన్సూరెన్సు కూడా పోతుంది. సొంతంగా కట్టుకోవాలి. బిళ్ళ ఊరికే ఇస్తారు, కానీ స్కానులూ, రక్తపరీక్షలూ, మళ్ళీ జ్వరమొస్తే మంచమూ ఊరికే ఇవ్వరు. ఇన్సూరెన్సు తెగిందంటే మందు కూడా తెగినట్టే. భానుమతి ఇళ్ళకి పంపే పచ్చళ్ళూ పొడులతో అద్దె గడుస్తుంది, అంతే.

భానుమతే అంది.

"ఆ సంతకం పెట్టెయ్యండి."

"పెడితే నేను పోతున్నానని మీ అన్న గెలిచినట్టు."

"మీరు పోతే ఆ స్థలం నేనేం చేసుకోను? మట్టి బుక్కుతానా? మీరుంటే అద్దె వంటింట్లో అయినా వండుకుంటాం. మా అన్నయ్య గెలవనీ. ఆయన గెలుపు ఆయన దగ్గరే పెట్టుకోమనండి," అంది.

యజ్ఞనారాయణ రెండురోజులు ఆ సంతకం గురించే ఆలోచించాడు. బతకడానికి పెట్టే సంతకమూ, చావుకి పెట్టే సంతకమూ కాగితం మీద ఒకేలా ఉంటాయి. తేడా తెలిసినవాళ్ళు ఇద్దరే, తనూ భార్యా. శ్యామ్‌సుందర్‌కి ఎప్పటికీ తెలియదు. చెప్పినా నమ్మడు. మూడోరోజు తనే ఫోను చేసి, రమ్మన్నాడు.

శ్యామ్‌సుందర్ విమానంలో వచ్చాడు. కమ్మింగ్‌లో లాయరు ఆఫీసులో కలిశారు. ఎప్పటిలా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, జబ్బు మనిషని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. కాఫీ తెచ్చుకుని పక్కన కూర్చుని మొదట అడిగింది ఆరోగ్యం సంగతి కాదు.

"ఆస్పత్రిలో నా పేరు చెప్పావా, యజ్ఞం? కాయలు పంపింది నేనని?"

"చుట్టాలు పంపారన్నాను."

శ్యామ్‌సుందర్ ఊపిరి పీల్చుకున్నాడు. నాకూ తెలీదు కదా అన్నాడు. నిజమే, ఆయనకీ తెలీదు. ఆ సంగతిలో యజ్ఞనారాయణకి ఆయన మీద ఇసుమంత కోపం లేదు. చెప్పకు అన్నందుకు కూడా ఇప్పుడు పెద్దగా లేదు, భయపడి అన్నాడు. కోపం వేరే ఉంది. రేటు దగ్గర ఉంది. చుట్టుపక్కల స్థలాలు రెండున్నర రెట్లకి పోతున్నాయని హోటల్లో ప్లేట్లు కడిగే కుర్రాడికి కూడా తెలుసు. శ్యామ్‌సుందర్ తెచ్చిన చెక్కు ఎనిమిదేళ్ళ కిందట కొన్న ధరకి రాసుంది. అదేమని భానుమతి అడిగింది. అడుగుతుందని ఆయన అనుకోలేదు.

"ఇంట్లో ఇంట్లో మార్కెట్ రేటేమిటే భానూ," అన్నాడు.

ఆవిడ చెక్కు తీసుకుని, మడవకుండా సంచీలో పెట్టుకుంది. వచ్చే సోమవారం ఇన్సూరెన్సు మొదటి వాయిదా కట్టాలి, బేరమాడుతూ కూర్చునే వ్యవధి లేదు. అది శ్యామ్‌సుందర్‌కీ తెలుసు.

లాయరమ్మ కాగితాలు తిప్పి, వేలు పెట్టి చూపించిన చోటల్లా యజ్ఞనారాయణ సంతకం చేశాడు. తెలుగులోనే చేస్తాడాయన, వంకరటింకరగా, పూర్తి పేరు. మొదటి కాగితం పైన స్థలం కొలతలు రాసి ఉన్నాయి. ఇంగ్లీషు చదవడం కష్టమైనా అంకెలు చదవగలడు. మొత్తం ఎకరా నలభై ఎనిమిది సెంట్లు. అందులో సగం, శ్యామ్‌సుందర్ చేతిలోకి పోయింది, డెబ్భై నాలుగు సెంట్లు.